వంద నుంచి నాలుగు వందలకు

కాలేజీలో నా వంద మీటర్ల టైమింగ్ 10.8 సెకన్లు. ఆ అంకె మీద నాకు అప్పట్లో అంతులేని గౌరవం. హాస్టల్లో ఎవరైనా కొత్తగా పరిచయమైతే పేరు తర్వాత చెప్పేది అదే. అయితే అది స్టాప్‌వాచ్ టైమింగ్. ఫినిష్ లైన్ దగ్గర నిలబడ్డాయన వంద మీటర్ల అవతల తుపాకీ పొగ కనిపించగానే బటన్ నొక్కాలి. కన్ను చూసి వేలు కదిలేసరికి కాస్త సమయం పోతుంది. ముగింపు దగ్గర ఆ ఆలస్యం ఉండదు. మనిషి వస్తున్నాడని ముందే కనిపిస్తుంది కాబట్టి వేలు కాచుకుని ఉంటుంది. ఆలస్యంగా మొదలై వేళకి ఆగే గడియారం అన్నమాట. అందుకే చేతి టైమింగ్‌ను ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చేటప్పుడు వందకూ రెండు వందలకూ 0.24, నాలుగు వందలకు 0.14 సెకన్లు కలపడం రివాజు.

ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్‌లో మొదటిసారి పరిగెత్తినప్పుడు బోర్డు మీద నా పేరు పక్కన 11.06 పడింది. గాలి వెనక నుంచే వీచింది, అదీ సెకనుకు 2.0 మీటర్ల పరిమితిలోపే. సాకు చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. ఆ హీట్‌లో, అంటే తొలి రౌండ్ పరుగులో, గెలిచిన కుర్రాడు నాకంటే రెండు మూడు మీటర్లు ముందున్నాడు. చూసేవాళ్లకు అది పెద్ద దూరం కాదు. స్ప్రింటర్‌కి మాత్రం కొన్నేళ్ల పని, ఒక్కోసారి ఎన్నేళ్లు పనిచేసినా పూడని తేడా.

ఆ మీట్‌లోనే ఒక కోచ్ నన్ను పక్కకి పిలిచి తన ఫోన్‌లో నా పరుగు చూపించారు. తర్వాత నా కెరీర్ అంతా ఆయన దగ్గరే గడిచింది కాబట్టి ఇక్కడ సర్ అనే రాస్తాను. నేను స్టార్ట్ గురించి ఏదో చెప్పబోతుంటే ఆపి, వీడియోను చివరి ముక్కకు జరిపారు. "ఇక్కడ చూడు. ఎనభై మీటర్ల దగ్గర నీ ముందు ఎంతమంది ఉన్నారు? లైన్ దగ్గర ఎంతమంది ఉన్నారు?" లైన్ దగ్గరికి వచ్చేసరికి ఒకడు తగ్గాడు. "నువ్వు వాణ్ణి దాటలేదు. వాడు తగ్గాడు, నువ్వు తగ్గలేదు. నీ స్టార్ట్ మామూలు, టాప్ స్పీడ్ ఓ మాదిరి. కానీ స్పీడ్ పడిపోవడం తక్కువ. నీకు వంద కాదురా."

వంద మీటర్ల పరుగు చివరిదాకా వేగం పెంచుకుంటూ పోయే ఆట అని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. టీవీలో చూస్తే అలాగే అనిపిస్తుంది, వెనక ఉన్నవాడు చివర్లో దూసుకొచ్చాడని కామెంటేటర్లూ అంటుంటారు. నిజానికి ఎవరూ దూసుకురారు. మంచి స్ప్రింటర్లు యాభై అరవై మీటర్ల దాకా వేగం పెంచుకుంటారు, కాసేపు నిలబెడతారు, ఆ తర్వాత అందరూ తగ్గుతారు. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 కొట్టిన పరుగులో కూడా అరవై నుంచి ఎనభై మీటర్ల మధ్య ఇరవై మీటర్లకు 1.61 సెకన్లు పడితే, ఆఖరి ఇరవై మీటర్లకు 1.66 పట్టింది. భూమ్మీద అందరికంటే వేగంగా పరిగెత్తినవాడే అలా తగ్గాడు. మనం దూసుకురావడం అనుకునేది పక్కవాడికంటే తక్కువ తగ్గడమే. సర్ నాకు చెప్పిన మొదటి పాఠం ఇది. ఆ తర్వాత చెప్పినవన్నీ దాదాపు దీని కొనసాగింపే.

నాలుగు వందల మీద స్ప్రింటర్లకు ఒక చిన్నచూపు ఉంటుంది. వందలో నిలదొక్కుకోలేనివాళ్లు రెండు వందలకు, అక్కడా కుదరనివాళ్లు నాలుగు వందలకు పోతారని మా హాస్టల్ సిద్ధాంతం. పైగా ఆ రేసు అయ్యాక ట్రాక్ పక్కన పడి ఉండేవాళ్లను చూస్తూ ఉండేవాళ్లం. అది చూసి ఎవరికి మాత్రం ఆశ పుడుతుంది? నేను ఒప్పుకోవడానికి చాలా వారాలు తీసుకున్నాను. ఒప్పించింది ఆశయం కాదు, లెక్క. మా స్థాయి మీట్‌లలో వంద మీటర్లకు ఎంట్రీలు కుప్పలుగా ఉండేవి, నాలుగు వందలకు లేన్లు నింపడమే కష్టంగా ఉండేది. నేషనల్స్‌కు వెళ్లే దారి ఎటు పొట్టిగా ఉందో చూసుకుని ఆ దారి పట్టాను. ఇది చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు గానీ, నాకు తెలిసిన నాలుగు వందల రన్నర్లలో సగం మంది కథ ఇదే.

మొదటి ఆఫ్ సీజన్‌లో నాకు వచ్చిందల్లా ఒళ్లునొప్పులు. వంద మీటర్లవాడి ట్రైనింగ్‌లో అరవై మీటర్లు గట్టిగా కొట్టి అయిదారు నిమిషాలు తీరిగ్గా తిరుగుతాం, ఆ మధ్యలో జోకులు కూడా పేలతాయి. ఇక్కడ మూడు వందల మీటర్ల రెప్స్, అంటే అదే దూరం మళ్లీ మళ్లీ. రెండు వందలు పరిగెత్తి, ఊపిరి అందేలోపే ఇంకో రెండు వందలు. గడ్డి మీద నిదానంగా పరిగెత్తే టెంపో రోజులు, ఏటవాలు రోడ్డు మీద హిల్స్, జిమ్‌లో బరువులతో స్క్వాట్లు, క్లీన్లు, పెట్టెల మీదకు గెంతే ప్లయోమెట్రిక్స్. వారానికి ఒకసారి మాత్రం స్టార్టింగ్ బ్లాకులు, పొట్టి స్ప్రింట్లు. వేగాన్ని పూర్తిగా వదిలేస్తే నాలుగు వందలు రాదని సర్ వాదన. ఆయన దగ్గర ఒక మోటు సూత్రం ఉండేది. రెండు వందల మీటర్ల బెస్ట్‌ను రెట్టింపు చేసి మూడున్నర సెకన్లు కలిపితే నువ్వు పరిగెత్తాల్సిన నాలుగు వందల టైమ్. అంతకంటే ఎక్కువ వస్తే ఓర్పు మీద పని, ఆ దగ్గరికి వచ్చేస్తే ఇక స్పీడ్ మీద పని. నాది మొదట్లో ఆ లెక్కకు చాలా దూరంలో ఉండేది.

మూడు వందల మీటర్ల రెప్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ ఈవెంట్ నిజంగా మొదలయ్యేది అక్కడే. మొదటి ఆరేడు సెకన్లు కండరాల్లో అప్పటికే నిల్వ ఉన్న శక్తి సరిపోతుంది, ఏ ఇబ్బందీ తెలియదు. ఆ తర్వాత శరీరం గ్లూకోజ్‌ను ఆక్సిజన్ కోసం ఆగకుండా విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. దీంతో శక్తి త్వరగా వస్తుంది గానీ కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది. మేమందరం దాన్ని "లాక్టిక్" అంటాం. నిజానికి లాక్టేట్ పాపం అంత దోషి కాదు, శరీరం దాన్నే మళ్లీ ఇంధనంగా వాడుకుంటుంది. ఏదైతేనేం, రెండు వందల యాభై మీటర్ల దగ్గర తొడలు బిగుసుకోవడం మొదలవుతుంది. ముందు పిరుదుల దగ్గర మంట, తర్వాత భుజాలు చెవుల దాకా ఎక్కుతాయి, మోకాళ్లు పైకి లేవవు. మోకాళ్ల లోతు నీళ్లలో పరిగెత్తినట్టు ఉంటుంది. రెప్ అయ్యాక పడుకోవడం తప్పు కాదు గానీ పడుకుంటే ఇంకా ఘోరం. వాంతి చేసుకోని మంగళవారాలు ఆ ఏడాది తక్కువ. అందులో వీరత్వం ఏమీ లేదు, ట్రైనింగ్ మొదట్లో అందరికీ జరిగేదే. కొన్ని నెలలకు శరీరం అలవాటు పడుతుంది, వాంతులు ఆగుతాయి, నొప్పి మాత్రం ఆగదు.

ఇంకో సంగతి అప్పుడు తెలిసి ఆశ్చర్యపోయాను. నాలుగు వందలు పూర్తిగా ఊపిరి బిగబట్టి చేసే పరుగు కాదు. మొత్తం శక్తిలో మూడో వంతో, ఇంకా ఎక్కువో ఆక్సిజన్ వాడుకునే పద్ధతిలోనే వస్తుందని క్రీడా శాస్త్రం చెబుతోంది. గడ్డి మీద ఆ విసుగు పుట్టించే టెంపో పరుగులు ఎందుకో నాకు అప్పుడు బోధపడింది. అంతకుముందు అవి శిక్ష అనుకునేవాణ్ణి.

ఆ సీజన్‌లో మొదటి నాలుగు వందల రేసులో నాకు 49 సెకన్లకు పైనే పట్టింది. రెండో ఏడాది 48 లోపలికి వచ్చాను. ఆ మధ్యలో మారింది బలం కంటే ఎక్కువగా రేసును చదవడం.

ఈ రేసులో స్టాగర్ అనేది ఒక వింత. ట్రాక్ వంపులో బయటి లేన్ పొడవెక్కువ కాబట్టి బయటివాళ్లను ముందుకు జరిపి నిలబెడతారు. రెండో లేన్ మొదటి లేన్ కంటే 7.04 మీటర్లు ముందు. ఎనిమిదో లేన్ 53.03 మీటర్లు ముందు. దూరం అందరికీ ఒకటే, కనిపించేది మాత్రం ఒకటి కాదు. ఒకటో లేన్‌లో ఉన్నవాడికి ఏడుగురి వీపులు కనిపిస్తాయి గానీ వంపు బాగా ముడుచుకుని ఉంటుంది, లోపలికి వాలి పరిగెత్తాలి, ఎడమ కాలి మీద భారం ఎక్కువ. ఎనిమిదో లేన్‌లో వంపు హాయిగా ఉంటుంది, కానీ ఎదురుగా ఖాళీ ట్రాక్. వెనక ఎవరు ఎంత దగ్గరికి వచ్చారో వాళ్ల అడుగుల చప్పుడు వినిపించేదాకా తెలియదు. అందుకే అందరూ మధ్య లేన్లు కోరుకుంటారు, ముందు రౌండ్లలో వేగంగా వచ్చినవాళ్లకే అవి దక్కుతాయి. నాకు మొదటి మూడేళ్లూ ఎక్కువగా ఒకటో లేనో, ఎనిమిదో లేనో పడేది. ఎనిమిదో లేన్ శాపం అని అప్పుడు గొణిగేవాణ్ణి. దక్షిణాఫ్రికా రన్నర్ వేడ్ వాన్ నీకర్క్ 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఆ లేన్ నుంచే 43.03 సెకన్ల ప్రపంచ రికార్డు కొట్టాక గొణగడం మానేశాను.

వాన్ నీకర్క్ పరుగును ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో. మొదటి రెండు వందలు సుమారు 20.5, రెండో రెండు వందలు సుమారు 22.5. ఆఖరి వంద మీటర్లను విడిగా చూస్తే సుమారు 12 సెకన్లు. ఆగి ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. కాలేజీ గ్రౌండ్‌లో వేగంగా పరిగెత్తే ఏ కుర్రాడైనా బ్లాకుల నుంచి లేచి 12లో వంద కొడతాడు. ప్రపంచంలో ఎవరూ కొట్టని నాలుగు వందలు కొట్టినవాడి చివరి వంద కూడా అంతే. వెనక ఉన్నవాళ్లు ఆ తగ్గినవాణ్ణి కూడా అందుకోలేకపోయారు, తేడా అదొక్కటే. ఆయన అంతకుముందే వంద పది సెకన్ల లోపు, రెండు వందలు ఇరవై లోపు పరిగెత్తి, నాలుగు వందలు నలభై నాలుగు లోపు పరిగెత్తి, ఈ మూడూ చేసిన తొలి మనిషి అయ్యాడు. అంత వేగం చేతిలో ఉన్నవాడికి 20.5 అనేది ప్రాణం పెట్టి పరిగెత్తే వేగం కాదు. మాకు అది జీవితంలో చూడని అంకె. సర్ వారానికి ఒక రోజు బ్లాకులు ఎందుకు వదలనిచ్చేవారు కాదో ఇదే కారణం. వేగం మిగులు ఉన్నవాడికే నిదానంగా వెళ్లే వీలుంటుంది.

మిల్ఖా సింగ్ కథ మన వాళ్లందరికీ తెలుసు. 1960 రోమ్ ఫైనల్లో ఆయన ముందు బాగా వేగంగా వెళ్లి, దాదాపు రెండు వందల యాభై మీటర్ల దగ్గర కాస్త తగ్గానని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. నాలుగో స్థానం, చేతి గడియారంలో 45.6, ఎలక్ట్రానిక్‌లో 45.73. చిన్నప్పుడు ఆ కథను దురదృష్టంగా విన్నాను. ఈ ఈవెంట్‌లోకి వచ్చాక వేరేగా వినిపించింది. రెండు వందల యాభై దగ్గర అందరికీ ఆ ఆలోచన వస్తుంది, ఒక్క అడుగు ఊపిరి తీసుకుందామని. ఆ ఒక్క అడుగులో పోయిన వేగం మళ్లీ రాదు. వంద మీటర్లలో తూలినవాడు సర్దుకోవడానికి ఒంట్లో ఇంకా శక్తి ఉంటుంది. ఇక్కడ అప్పటికే ఉండదు.

సర్ నాకు రేసును నాలుగు ముక్కలు చేసి ఇచ్చారు. మొదటి యాభై మీటర్లు గట్టిగా లేచి వేగం అందుకోవాలి. తర్వాత రెండు వందల దాకా ఆ వేగాన్ని బిగువు లేకుండా మోయాలి, దవడ వదులు, వేళ్లు వదులు. రెండు వందల నుంచి మూడు వందల దాకా, అంటే రెండో వంపులో, అదే వేగం అనిపించాలంటే నిజానికి ఎక్కువ కష్టపడాలి. చాలామంది రేసు అక్కడే పోగొట్టుకుంటారు, పోగొట్టుకున్నట్టు ఆఖరి వందలో తెలుస్తుంది. చివరి వందలో చేసేదేమీ లేదు. చేతులు ఊపుతూ ఉండటం, నిటారుగా ఉండటం, పక్కకి చూడకపోవడం. "చివర్లో ఫైట్ చెయ్యకు, భంగిమ చెడకుండా చూసుకో" అనేవారు. మొదట ఇది వింటే నవ్వొచ్చేది. ప్రాణం పోతుంటే భంగిమ ఏమిటి? కానీ అడుగు పొడవు తగ్గేది, నేల మీద కాలు ఎక్కువసేపు ఉండేది ఆ బిగువు వల్లే. చివరి ఇరవై మీటర్లలో తల వెనక్కి వేసి పళ్లు బిగించేవాణ్ణి, ఫొటోల్లో వీరుడిలా ఉండేవాణ్ణి. ఆ ఫొటోలు తగ్గుతూ వచ్చిన కొద్దీ టైమింగ్ మెరుగైంది.

నేషనల్స్ గురించి అడిగేవాళ్లు ఎక్కువగా రేసు గురించే అడుగుతారు. నాకు బాగా గుర్తున్నది కాల్ రూమ్. రేసుకు ముందు మనల్ని ఒక గదిలో కూర్చోబెట్టి నంబర్లు, స్పైక్స్ చూస్తారు. సింథటిక్ ట్రాక్ మీద మేకులు తొమ్మిది మిల్లీమీటర్లకు మించకూడదు, ఇప్పుడు షూ అడుగు మందం కూడా ఇరవై మిల్లీమీటర్లు దాటకూడదు. ఫోన్లు బయటే. పది, పదిహేను నిమిషాలు ఎనిమిది మంది ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చోవాలి. ఒకడు కాళ్లు ఊపుతుంటాడు, ఒకడు లేస్ విప్పి మళ్లీ కడతాడు. వార్మప్‌లో ఎక్కించుకున్న వేడి అక్కడ చల్లారిపోతుంది. ఆ గదిలో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు. నేను ట్రాక్ పొడవునా మనసులో నడిచేవాణ్ణి, పరిగెత్తడం కాదు, నడవడమే. పరిగెత్తినట్టు ఊహించుకుంటే గుండె వేగం పెరిగిపోయేది.

మొదటి నేషనల్స్‌లో హీట్స్ దాటి సెమీస్‌లో ఆగాను. ప్రతి హీట్ నుంచి స్థానం బట్టి కొందరు, మిగిలినవాళ్లలో టైమ్ బట్టి కొందరు ముందుకు వెళ్తారు. నేను టైమ్ బట్టి వెళ్లినవాణ్ణి, అంటే తర్వాతి హీట్లన్నీ అయ్యేదాకా బోర్డు కింద నిలబడి, ప్రతి అంకెకూ లోలోపల మొక్కుకున్నవాణ్ణి. ఒక్క రోజు తేడాతో రెండు నాలుగు వందలు పరిగెత్తితే రెండో రోజు కాళ్లు ఎలా ఉంటాయో అక్కడే తెలిసింది. ట్రైనింగ్‌లో ఎన్ని రెప్స్ చేసినా దానికి అది సాటి కాదు. ఫైనల్‌కు వెళ్లేవాళ్లు అందరికంటే వేగంగా పరిగెత్తేవాళ్లు మాత్రమే కాదు, హీట్స్‌లో అందరికంటే తక్కువ ఖర్చు పెట్టుకుని గట్టెక్కేవాళ్లు.

హ్యామ్‌స్ట్రింగ్ ఆ తర్వాతి ఏడాది పోయింది. ట్రైనింగ్‌లో, మామూలు నూట యాభై మీటర్ల రెప్‌లో, వంపు నుంచి స్ట్రెయిట్‌లోకి వస్తుండగా తొడ వెనక ఏదో తెగినట్టు అయింది. చాలామంది కాలు నేలను తన్నేటప్పుడు ఇది జరుగుతుందనుకుంటారు. ఎక్కువగా జరిగేది కాలు గాల్లో ముందుకు చాచి ఇంకా నేలకు తగలకముందు, ఆ విసురును తొడ వెనక కండరం సాగుతూనే ఆపాల్సి వచ్చినప్పుడు. ఫిజియో రెండో గ్రేడ్ అన్నారు. మూడు గ్రేడ్లలో మధ్యది, అంటే కండరం పాక్షికంగా చిరిగింది. మొదటి రోజుల్లో కదలకుండా బిగించి పట్టే వ్యాయామాలు, తర్వాత మోకాళ్ల మీద నిలబడి మడమలు ఎవరైనా పట్టుకుంటే ముందుకు నిదానంగా వాలే నార్డిక్స్, ఆ తర్వాత జాగింగ్, మెల్లగా డెబ్బై శాతం, ఎనభై శాతం వేగం. నొప్పి త్వరగానే పోయింది. కష్టం అదే. నొప్పి లేని కాలుతో ఆగి ఉండటం. ఈ గాయం మళ్లీ తిరగబెట్టే అవకాశం మొదటి వారాల్లోనే ఎక్కువని ఫిజియో రోజూ గుర్తు చేసేవారు, నేను రోజూ తల ఊపి లోపల విసుక్కునేవాణ్ణి. ఆ సీజన్ పోయింది. డిగ్రీ ఆఖరి పరీక్షలు మాత్రం అందువల్లే ప్రశాంతంగా రాశాను.

తిరిగి వచ్చాక నన్ను నేషనల్ స్థాయిలో నిలబెట్టింది రిలే. ఇది సూటిగా చెప్పాలి, ఎందుకంటే ట్రాక్ కెరీర్లు ఎలా నడుస్తాయో బయటివాళ్లకు తెలియదు. ఒక ఛాంపియన్‌షిప్‌కు వంద మీటర్లలో దేశంలో అయిదో స్థానంలో ఉన్నవాడికి సొంత ఈవెంట్‌లో చోటుండదు. నాలుగు వందల్లో అయిదో, ఆరో స్థానం ఉన్నవాడికి నాలుగింటూ నాలుగు వందల రిలే స్క్వాడ్‌లో చోటుంటుంది. హీట్స్‌లో ఇద్దరు ముగ్గురు స్టార్లకు విశ్రాంతి ఇచ్చి మాలాంటివాళ్లను పరిగెత్తిస్తారు. ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో హీట్స్ పరిగెత్తినవాళ్లకు కూడా జట్టు పతకం గెలిస్తే పతకం ఇస్తారు. హీట్స్ రన్నర్ అనేది చిన్న ఉద్యోగమేమీ కాదు, జట్టు ఫైనల్‌కు చేరకపోతే స్టార్లకు పరిగెత్తడానికి రేసే ఉండదు కదా.

నాది ఎక్కువగా రెండో లెగ్, అంటే నలుగురిలో రెండో వంతు పరుగు. మొదటివాడు తన లేన్‌లోనే మొత్తం తిరిగి వస్తాడు. రెండోవాడు మొదటి వంపు అయ్యేదాకా లేన్‌లో ఉండి, లేన్లు వదలడానికి గీసిన బ్రేక్ లైన్ దాటాక లోపలికి దిగాలి. ఆ పది, పదిహేను మీటర్లలో మోచేతులు, అరుపులు, ఒకరి స్పైక్ ఇంకొకరి పిక్కకు తగలడం అన్నీ ఉంటాయి. నేరుగా లోపలికి కోసుకుపోతే దూరం పెరుగుతుంది, వాలుగా మెల్లగా దిగితే ఎవడో ముందు దూరతాడు. సర్ నేర్పింది వాలుగా దిగడమే. "వాడు ముందు దూరితే దూరనీ, వంపులో వాడి వెనకే పో, వాడే తగ్గుతాడు" అనేవారు. చాలాసార్లు తగ్గేవాడు. నాలుగింటూ వంద మీటర్ల పొట్టి రిలేలో లాగా ఇక్కడ బ్యాటన్‌ను చూడకుండా అందుకోం. వచ్చేవాడు ఎంత అలిసిపోయాడో చూసి, దానికి తగ్గట్టు కదిలి, లోపలివైపు తిరిగి ఎడమ చేత్తో తీసుకుని కుడి చేతిలోకి మార్చుకుంటాం. నా ముందు లెగ్ పరిగెత్తే అన్న చివరి ముప్పై మీటర్లలో పూర్తిగా ఆగిపోయే రకం. ఆయన మొహం చూసి ఎప్పుడు కదలాలో తెలుసుకోవడం నాకు ఏ డ్రిల్లూ నేర్పలేదు. ఏళ్ల తరబడి చూస్తే వచ్చింది. ఇద్దరం రేసు బయట పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కూడా కాదు.

కదులుతూ అందుకునే స్టార్ట్ కాబట్టి రిలే లెగ్ మామూలు రేసు కంటే అర సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వేగంగా వస్తుంది. రిలే స్ప్లిట్‌ను, అంటే అందులో తన వంతుకు పట్టిన టైమ్‌ను, పర్సనల్ బెస్ట్ అని చెప్పుకునేవాళ్లను నమ్మకండి. నా రిలే స్ప్లిట్ ఒకసారి 45 దాకా వెళ్లింది. నా అసలు బెస్ట్ 46 ఎగువే, ఎప్పటికీ.

స్క్వాడ్‌లోకి రావడంతో డోపింగ్ పరీక్షలూ వచ్చాయి. మొదటిసారి ఒక రేసు లైన్ దాటగానే ఒకాయన వచ్చి సంతకం పెట్టించుకుని, ఇక నా వెంటే నడిచాడు. నమూనా ఇచ్చేదాకా ఆయన కంటికి మనం కనిపిస్తూనే ఉండాలి. కనీసం తొంభై మిల్లీలీటర్ల మూత్రం కావాలి, అదీ మన లింగానికే చెందిన అధికారి నేరుగా చూస్తుండగా. రేసు పరిగెత్తి ఒళ్లంతా ఎండిపోయినవాడికి తొంభై మిల్లీలీటర్లంటే ఆ రోజు రెండో పోటీ. నీళ్లు తాగితే వస్తుంది. మరీ ఎక్కువ తాగితే నమూనా పలుచగా ఉందని ఇంకోటి ఇవ్వమంటారు. జట్టు బస్సు వెళ్లిపోయింది, నేను, ఆయన, గోడ మీద గడియారం. సీసాలు మనమే ఎంచుకోవాలి, కోడ్‌లు సరిచూసుకోవాలి, ఏ, బీ సీసాల్లో మనమే పోసి మూత బిగించాలి. గత వారంలో వాడిన మందులన్నీ రాయాలి. జలుబు మాత్రలో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీ సమయంలో ఒక స్థాయి దాటితే నిషిద్ధమే. శరీరంలో దొరికిందంటే ఎలా వచ్చినా బాధ్యత మనదే అన్నది ఇక్కడ మూల సూత్రం. ఆ రోజు నుంచి జిమ్‌లో ఎవరైనా పొడి డబ్బా చేతిలో పెడితే తీసుకోవడం మానేశాను. మొరటు మనిషి అనుకున్నారు, అనుకోనీ.

తర్వాత రిజిస్టర్డ్ పూల్‌లో, అంటే ఎప్పుడైనా వచ్చి పరీక్షించగలిగేవాళ్ల జాబితాలో, పేరు చేరింది. రోజుకు ఒక గంట, ఉదయం అయిదు నుంచి రాత్రి పదకొండు లోపు ఏదో ఒక గంట, ఎక్కడ ఉంటానో మూడు నెలలకోసారి ముందే రాసివ్వాలి. ప్లాన్ మారితే అప్పటికప్పుడు మార్చాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు దొరక్కపోయినా, సరిగా నింపకపోయినా అది ఉల్లంఘనే, రెండేళ్ల దాకా నిషేధం. అప్పటి వంద మీటర్ల ప్రపంచ ఛాంపియన్ క్రిస్టియన్ కోల్మన్ టోక్యో ఒలింపిక్స్‌కు దూరమైంది ఏ మందూ దొరక్క కాదు, తాను దొరక్క. నేను పొద్దున్నే ఆరు నుంచి ఏడు పెట్టుకున్నాను, ఆ గంటలో ఎలాగూ పడుకునే ఉంటానని. పెళ్లిళ్లకు వెళ్లినా, బంధువుల ఇళ్లలో పడుకున్నా ముందు ఫోన్ తీసి చిరునామా మార్చేవాణ్ణి. ఇంట్లోవాళ్లకు నా కెరీర్‌లో అర్థంకాని భాగం ఇదే. పతకం ఎందుకు రాలేదో అర్థమయ్యేది, తెల్లవారుజామున తలుపు తట్టినవాళ్లకు బాత్రూమ్ దాకా దారి ఎందుకు చూపించాలో మాత్రం కాదు.

నేషనల్స్ ఫైనల్‌కు మొదటిసారి చేరింది ఇవన్నీ దాటాకే. లేన్ ఆరు. బయట ఇద్దరు కనిపిస్తారు, లోపల అయిదుగురు కనిపించరు, నాకు నచ్చిన అమరిక. రెండు వందల దగ్గర నేను ఏడోవాణ్ణో, ఎనిమిదోవాణ్ణో. స్ట్రెయిట్‌లోకి వచ్చేసరికి అయిదో స్థానం. ఆఖరి నలభై మీటర్లలో ఇంకొకడు నా పక్కకు వచ్చాడు, వెనక్కి పోయాడు. నాలుగో స్థానం, నా బెస్ట్ టైమ్. మూడోవాడికి నాకూ మధ్య ఫొటో ఫినిష్‌లో ఛాతీ లెక్క. అక్కడ తల, చెయ్యి, కాలు లెక్కలోకి రావు, మొండెం లైన్‌ను తాకిన క్షణమే చూస్తారు. సర్ ముందు స్ప్లిట్లు చూశారు, స్థానం తర్వాత. "రెండో రెండు వందలు బాగుంది" అన్నారు. ఆయన మెచ్చుకోలు అంతకు మించి ఉండదు.

ఇప్పుడు నేను పరిగెత్తేది రిలే కోసమే. నా రెండు వందల టైమ్ ఏడాదికి కాస్త కాస్త పెరుగుతోంది, రెట్టింపు చేసి మూడున్నర కలిపితే వచ్చే అంకె నాకు స్క్వాడ్‌లో చోటు ఇచ్చే అంకె కాదు. ఆ లోటును ఇన్నాళ్లూ రెండో సగంతో పూడ్చుకున్నాను. కుర్రాళ్లు మొదటి రెండు వందలే 21లో కొట్టేస్తుంటే రెండో సగం ఎంత బాగున్నా అందుకోలేను. పూల్ నుంచి తప్పుకోవాలంటే రిటైర్మెంట్ రాసివ్వాలి. ఒకసారి ఇచ్చాక మళ్లీ పోటీ చెయ్యాలనిపిస్తే ఆరు నెలల ముందు నోటీసిచ్చి, ఆ ఆరు నెలలూ పరీక్షలకు అందుబాటులో ఉండాలి. అంటే ఒక సీజన్ దాదాపు పోయినట్టే, కాబట్టి ఊగిసలాడుతూ సంతకం పెట్టే కాగితం కాదు అది. స్క్వాడ్‌లో కొత్తగా వచ్చిన ఒకడికి రెండో లెగ్‌లో లోపలికి వాలుగా దిగడం ఇంకా రావడం లేదు, ప్రతిసారీ కోసుకుపోతున్నాడు. వాడికది వచ్చేదాకా హీట్స్ నేను పరిగెత్తుతానని సర్‌కి చెప్పాను. ఈ సీజన్ ఆఖరి మీట్ అయ్యాక ఆ కాగితం పంపుతాను.